అంజూర చెట్టుకు కట్టిన మూట

ఎండుగడ్డి వాసన తగిలితే కాళ్ళు వణికే మనిషి ఎక్కడైనా ఉంటుందా అని మీకు నవ్వు రావచ్చు. ఉంటుంది, నేనే. మొన్న ఇక్కడ కువైట్‌లో, సబ్హాన్‌లో నేను పనిచేసే వంటశాల వెనక, పక్క గోడౌను వాళ్ళు ఒక కంటైనరు తలుపులు తెరిచారు. లోపల పైకప్పు దాకా పేర్చిన గడ్డి దిమ్మలు. అన్నాళ్ళు ఓడలో ప్రయాణం చేసొచ్చినా ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఆ గడ్డిని ఇక్కడ జత్ అంటారు. అమెరికా నుంచి వస్తుంది, ఆవులకీ గుర్రాలకీ వేస్తారు. కాస్త తీపిగా, కాస్త పచ్చి టీ ఆకులా ఉండే ఆ వాసన వడగాలితో పాటు వచ్చి నా ముఖానికి కొట్టింది. చేతిలో ఉన్న ఉల్లిపాయల గంప దించేసి మెట్టు మీద కూలబడ్డాను. నాతో పనిచేసే పిల్ల "ఆంటీ, షుగర్ డౌన్ అయిందా?" అంటూ పరుగెత్తుకొచ్చి నా నోట్లో చాక్లెట్టు కుక్కింది. నాకు షుగరూ లేదు, అది డౌన్ అయ్యిందీ లేదు. ఎప్పుడో వయసులో పట్టిన భయం ఇంకా ఒంట్లోనే కాపురం ఉందని ఆ పిల్లకి ఎలా చెప్పను? చాక్లెట్టు చప్పరిస్తూ కూర్చున్నాను. సాయంత్రం బస్సులో ఫర్వానియాకి, నేనుండే గదికి తిరిగొస్తుంటే ఇది రాసి పెట్టాలనిపించింది.

అప్పట్లో నేను రిగ్గైలో ఒక ఇంట్లో పనిమనిషిని. మా రాయచోటి వైపు నుంచి ఆడవాళ్ళు కువైట్ ఎందుకొస్తారో అందరికీ తెలిసిందే కాబట్టి ఆ పురాణం విప్పను. నా కూతురు అప్పుడప్పుడే మాటలు నేర్చుకుంటోంది, దాన్ని మా అమ్మ దగ్గర వదిలి వచ్చాను, అంతవరకు చాలు. ఆ ఇంటి యజమానిని బాబా అనేదాన్ని, ఆయన భార్యని మామా అనేదాన్ని. ఆయన తల్లి మామా కబీర, అంటే పెద్ద మామా. ఇంట్లో బాబా మాట చెల్లేది, బాబా దగ్గర మామా మాట చెల్లేది, ఇద్దరి దగ్గరా మామా కబీర దగ్గు చెల్లేది. ఆవిడ ఒక్కసారి గొంతు సవరించుకుంటే చాలు, టీవీ కట్టేసేవాళ్ళు.

ఆవిడ పద్ధతులు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టున్నాయి. తెల్లవారి నమాజు అయ్యాక యాలకుల కాఫీ. పసుపుపచ్చగా ఉండే ఆ కాఫీని పిడికిలంత గిన్నెల్లో మళ్ళీ మళ్ళీ పోయాలి, చాలనుకున్నప్పుడు ఆవిడ గిన్నెని అటూ ఇటూ ఊపుతుంది. అది చూడకుండా ఇంకోసారి పోశామా, ఆ చూపుకి కాఫీ చల్లారిపోవాల్సిందే. తరవాత నిప్పుల మీద బుఖూర్ వేసి ఇల్లంతా పొగ పట్టించాలి. మా జేజి, అదే మా నాయనమ్మ, సాంబ్రాణి వేసినట్టే, కాకపోతే ఇది అగరు చెక్క. ఆవిడ తల దువ్వుకుంటే దువ్వెనకి చిక్కిన గోరింటాకు రంగు వెంట్రుకల్ని నా చేతికి ఇచ్చేది కాదు. తనే ఉండచుట్టి బాత్రూములో పారేసి నీళ్ళు వదిలేది. గోళ్ళు కత్తిరించుకున్నా అంతే. మొదట్లో నాకు అర్థం కాలేదు.

అర్థమయ్యేలా చెప్పింది పక్కింట్లో పనిచేసే కడప ఆవిడ. మేడ మీద బట్టలు ఆరేసుకుంటూ పిట్టగోడ మీదుగా మాట్లాడుకునేవాళ్ళం. "ఇదో రమణమ్మా, ఈడ సిహ్ర్ అంటే యమ భయం. మనం చేతబడి అంటామే, అదే. వాళ్ళ ఎంటికిల్ని ముట్టుకోవద్దు. నిమ్మకాయ కోసి మూలన పెట్టొద్దు. దారానికి ముడేసి కనపడనీయొద్దు. ముడులేసి ఊదేటోళ్ళ గురించి వాళ్ళ గ్రంథంలోనే రాసుండాదంట. పేరొకటి పడిందంటే ఖలాస్, పోలీసోళ్ళకి అప్పజెప్తారు. మళ్ళా నీ బిడ్డ మొగం చూసేది కల్ల." అలా పోలీసుల పాలైన ఆడదాని కథ కూడా చెప్పింది. నిజమో కాదో నాకు తెలియదు. నాకు మాత్రం ఆ రాత్రే మొలతాడు విప్పి పారేయాలనిపించింది. నా మెడలోని పసుపుతాడుని చొక్కా లోపలికి తోసేసి గుండీ పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో చీపురు పట్టుకున్నా భయమే, సూదిలో దారం ఎక్కించినా భయమే.

ఇక ఆవు సంగతి. బాబా చదువుకున్నది అమెరికాలో. అక్కడ కాలిఫోర్నియా పల్లెల మధ్య ఉన్న కాలేజీలో చదివి, చదువుతో పాటు ఆవుల పిచ్చి కూడా పట్టించుకుని వచ్చాడు. ఎడారిలో కబ్ద్ అనే చోట ఇక్కడి వాళ్ళకి పశువుల దొడ్లు ఉంటాయి. జాఖూర్ అంటారు. శుక్రవారాలు కుటుంబాలతో వెళ్ళి అక్కడ గడుపుతారు. అందరూ గొర్రెలూ మేకలూ పెట్టుకుంటే మా బాబా అమెరికా నుంచి విమానంలో వచ్చిన ఆవుని పెట్టాడు. ఎవరో పెద్ద డెయిరీ వాళ్ళు మందని తెప్పించుకుంటే అందులోంచి ఒకటి కొనుక్కున్నాడు. లేతగోధుమ రంగు, కాటుక పెట్టినట్టుండే కళ్ళు. బాబా దానికి అమ్రీకియా అని పేరు పెట్టాడు. దొడ్డి చూసుకునే సత్తిబాబు మాత్రం దొరసాని అనేవాడు. సత్తిబాబుది కోనసీమ. నోట్లో ఎప్పుడూ "ఆయ్" ఉంటుంది.

"దొరసానికి తవుడు పనికిరాదండి. బాదం పొట్టు తింటదండి, బాదం పొట్టు! మా ఇంట్లో పెళ్ళిళ్ళకి కూడా బాదంపప్పు చూడలేదండి నేను," అనేవాడు. అతను చెప్పింది నిజమే. గడ్డి దిమ్మలతో పాటు బస్తాల్లో బాదంకాయల పైతొక్క కూడా అమెరికా నుంచే వచ్చేది. బాబా ఓ శుక్రవారం మాంసం కాలుస్తూ హిందీలో చెప్పాడు. అక్కడ ఒక రైతు ఒట్టి బాదమే వేస్తాడట, కనుచూపు మేర బాదం చెట్లే. ఇంకొకడు ఒట్టి స్ట్రాబెర్రీలే, మరొకడు ఒట్టి ఆవులే. పూత వేళకి తేనెటీగల్ని కూడా లారీల్లో బాడుగకి తెస్తారట. బాదం ఒలిచాక మిగిలిన తొక్క ఆవుల రైతుకి పోతుందట. వింటుంటే నాకు నవ్వొచ్చింది, తరవాత జాలేసింది. మా జేజికి ఉన్న చెక్కలో వేరుశనగ, మధ్యలో కంది సాళ్ళు, గట్టు మీద అనుములు, ఇంటి దగ్గర ఆవు, మేకలు, కోళ్ళు ఉండేవి. వాన ఎగ్గొడితే వేరుశనగ పోయినా కంది మిగులుతుంది, అదీ పోతే మేక మిగులుతుంది అనేది. ఒక్కదాన్నే నమ్ముకున్న ఆ అమెరికా రైతుకి మబ్బు చూస్తే ఎంత భయం వేస్తుందో అనుకున్నాను.

బాబా దొడ్లో ఒక అంజూర చెట్టు కూడా ఉండేది. అమెరికా నుంచే మొక్కగా తెచ్చి, నీళ్ళు పోసి, గోనెపట్టాలతో నీడకట్టి బతికించాడు. మామా కబీరకి ఆ చెట్టంటే ప్రాణం. అంజూరని తీన్ అంటారు, ఆ తీన్ చెట్టు దేవుడి గ్రంథంలో ఉందని దాని ఆకుని కూడా తుంచనిచ్చేది కాదు. శుక్రవారాలు దాని పక్కనే చాప వేయించుకుని కూర్చునేది.

అమ్రీకియా నెలలు నిండే సమయానికి బాబా మళ్ళీ అమెరికా వెళ్ళాడు. ఇంకేవో ఆవుల్ని చూడడానికట. వెళ్ళే ముందు మామాకి చెప్పాడు, ఈ అమ్మాయి పల్లెటూరిది, ఆవు సంగతులు తెలుసు, ఈనే రోజుకి ఈమెని పంపించమని. ఆ మాటకి నేనెంత పొంగిపోయానో! ఇంట్లో గిన్నెలు తోమే దానికి ఒక్కసారిగా మంత్రసాని హోదా వచ్చింది. పశువుల డాక్టరు వచ్చి చూసి, అంతా బాగుంది, తోక మొదట్లో కట్లు జారాయి, నేడో రేపో అన్నాడు. మర్నాడు పొద్దున్నే డ్రైవరు నన్ను కబ్ద్‌లో దింపాడు. దూడని తుడవడానికి ఇంట్లోంచి పాత గుడ్డలు పట్టుకెళ్ళాను.

ఆ పూట గురించి నిజంగా సంతోషంగా చెప్పుకోగలను. కువైట్ వచ్చాక నేను నేనుగా ఉన్న మొదటి రోజు అది. ముందు ఉమ్మనీటి తిత్తి, తరవాత రెండు గిట్టలు, వాటి మీద ఆనించిన మూతి. సత్తిబాబు దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచాడు. నేను గిట్టలకి గుడ్డ చుట్టి ఆవు ముక్కినప్పుడల్లా కిందకి లాగాను. పెయ్యదూడ పుట్టింది. ముక్కులో జిగురు తీసి, నోట్లో వేలు పెట్టి, ఒళ్ళంతా తుడిచేసరికి అది తుమ్మింది. దొరసాని దాన్ని నాకుతూ మా ఊరి ఆవు లాగే మూలిగింది. అమెరికాలో పుట్టినా మూలుగు ఒకటేనన్న మాట.

మాయ మాత్రం పడలేదు. ఎండ నెత్తికెక్కింది, మధ్యాహ్నం దాటింది, వెనక వేలాడుతూనే ఉంది. మాయ లోపల ఉండిపోతే ఆవు పోతుంది. బెల్లం నీళ్ళు తాగించి, దూడని పొదుగుకి పెట్టి, ఇద్దరం అలాగే కూర్చున్నాం. పొద్దు వాలుతుండగా మొత్తంగా జారిపడింది. అప్పటికే ఎక్కడినుంచి వచ్చాయో దొడ్డి కంచె బయట కుక్కలు మూగాయి.

మా వైపు ఆవు మాయని పారేయరు. కుక్క తిన్నా, ఆవే తిన్నా, ఆవు పాలెగ్గొడుతుందని నమ్మకం. గడ్డిలో చుట్టి, గుడ్డలో మూటకట్టి, పాలు కారే చెట్టుకి ఎత్తుగా కడతారు. చెట్టు పాలు లాగే ఆవుకీ పాలు దిగుతాయని. మా జేజి మేడి చెట్టుకి కట్టేది. కట్టేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. ఇవన్నీ నేను ఆలోచించి చేసినవి కావు. అన్నం తినేటప్పుడు చెయ్యి నోటి దగ్గరికి పోయినట్టు నా చేతులు వాటంతటవే పోయాయి. పచ్చటి జత్ గడ్డి పరిచాను, మాయ అందులో పెట్టాను, చేతికందిన గుడ్డ చింపి చుట్టి మూడు చోట్ల బిగించి ముడులేశాను. చుట్టూ చూస్తే పాలు కారే చెట్టు ఒక్కటే ఉంది. అంజూర ఆకు గిల్లితే తెల్లగా పాలు.

సత్తిబాబు తల గోక్కున్నాడు. "ఆయ్, మా వైపూ కడతారనుకోండి. కానీ ఇక్కడ... పెద్దావిడ చెట్టు కదండీ. ఏమన్నా అంటారేమోనండి."

"ఏమంటారన్నా? పాలు బాగా పడితే వాళ్ళకే గదా మేలు. కుక్కలు తిన్నాయంటే ఆవు ఎండిపోతాది. బిరీన ఎక్కి కట్టు."

అతను నిచ్చెన వేసుకుని కట్టాడు. నేను జున్నుపాలు క్యానులో పోసుకుని సంబరంగా ఇంటికెళ్ళాను. యాలకులు వేసి జున్ను వండితే మామా కబీర రెండుసార్లు పెట్టించుకు తిన్నది. వాళ్ళకీ ఉందట ఈ వంట, లిబా అంటారట. అన్నాళ్ళలో మొదటిసారి ఆవిడ నన్ను చూసి తల ఊపింది.

మర్నాటికి ఆవిడకి జ్వరం. తిన్నది ఇమడలేదు, కాళ్ళు పట్టేశాయి. డాక్టరు వచ్చి మందులిచ్చాడు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ అంటారే, అదే జరిగింది. కాకపోతే ఆ కాకిని నేనని అప్పటికి ఎవరికీ తెలియదు, నాకు కూడా.

మళ్ళీ శుక్రవారం మామా, తన అక్కచెల్లెళ్ళతో దూడని చూడడానికి కబ్ద్ బయల్దేరింది. నన్నూ తీసుకెళ్ళారు. నేను చాప మీద టీ గ్లాసులు సర్దుతున్నాను. మామా అంజూర చెట్టు కిందకి వెళ్ళి తలెత్తింది. ఎండకి ఎండి నల్లబడిన మూట, చుట్టూ ముసిరిన ఈగలు. "షినూ హాదా?" అని అడిగింది. ఏమిటిది అని. మామూలుగానే అడిగింది. డ్రైవరు కర్రతో కిందకి లాగాడు. ఆమె వంగి చూసింది. ముడుల్ని చూసింది. రక్తపు మరకల్ని చూసింది. తరవాత గుడ్డని చూసింది. మట్టిరంగు మీద చిన్న చిన్న తెల్లపూలు. నేనూ అప్పుడే చూశాను. తుడుపుగుడ్డల్లోకి వేసిన మామా కబీర పాత గౌను ముక్క అది.

ఆమె అరిచిన అరుపుకి గొర్రెలు కంచెకి కొట్టుకున్నాయి. అందులో నాకర్థమైన మాట ఒక్కటే. సిహ్ర్. అక్కచెల్లెళ్ళు పిల్లల్ని లాక్కుని కార్ల దగ్గరికి పరుగెత్తారు. అందరి కళ్ళూ నా మీదే. మూట కట్టింది నేను, గుడ్డ ఆవిడది, మంచం పట్టింది ఆవిడ, జున్ను వండి పెట్టింది నేను. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. నేను ఏకంగా కల్లుకుండ నెత్తిన పెట్టుకున్నట్టు నిలబడ్డాను. చెబుదామంటే నాకొచ్చిన అరబ్బీ వంటింటి అరబ్బీ. ఉప్పు, చక్కెర, కడుగు, తుడువు, యల్లా, ఖలాస్. మాయని ఏమంటారో నాకెవరు నేర్పారు? "మామా, బగర... బగర..." అన్నాను. ఆవు, ఆవు అని. ఆమె రెండు అడుగులు వెనక్కి వేసింది. నాకు భయం వేసింది నిజమే, కానీ నన్ను చూసి ఒక మనిషి అలా వెనక్కి అడుగు వేయడం నేను అంతకుముందు చూడలేదు.

ఇంటికి వచ్చాక బట్టలుతికే గదిలో ఉండమన్నారు. తలుపు వేయలేదు, తాళం పెట్టలేదు. నేనే కదల్లేదు. మిషను పక్కన నేల మీద కూర్చుంటే అవతల ఫోనులో మాటలు వినిపిస్తున్నాయి. షుర్తా అన్న మాట వినిపించింది, అంటే పోలీసులు. మగ్రిబ్ నమాజు అయ్యాక మంత్రించే పెద్దాయన ఎవరో వస్తాడని, ఆయన చెప్పినదాన్ని బట్టి పోలీసులకి ఫోను చేస్తారని అర్థమైంది. అంటే పొద్దు గూకేదాకా నేను మనిషిని, ఆ తరవాత ఏమిటో ఆయన చెప్పాలి. నా కూతురు కొత్తగా నేర్చుకున్న మాటల్ని అమ్మ క్యాసెట్టులో రికార్డు చేసి పంపింది, వాటిని గుర్తు తెచ్చుకుందామంటే ఒక్కటీ గుర్తు రాలేదు. అన్నిటికంటే ఎక్కువ నన్ను భయపెట్టింది అదే. ఇప్పటి పిల్లలైతే జేబులోంచి ఫోను తీసి, ఇదిగో మా ఊళ్ళో ఇలా కడతారు చూడండని వీడియో చూపిస్తారు. ఫోనులోనే అరబ్బీ కూడా మాట్లాడిస్తారు. ఆ పక్క అమెరికాలో బాబా ఏ హోటల్లో ఉన్నాడో ఈ పక్క భార్యకే తెలియని కాలం మాది. ఇప్పటి వాళ్ళకి భయాలు లేవనను, వేరేవి ఉంటాయి. కానీ తన మాట తనలోనే ఉండిపోయి ఊపిరాడకపోవడం వాళ్ళకి తెలియదనుకుంటాను, తెలియకూడదు కూడా.

కిటికీ అవతల ఎవరో దగ్గారు. సత్తిబాబు. డ్రైవరు అతన్ని కూడా పికప్‌లో ఎక్కించుకు వచ్చి గేటు దగ్గర కూర్చోబెట్టాడట.

"చెల్లెమ్మగారూ, కంగారెట్టేసుకోకండి. చెట్టెక్కి కట్టింది నేనేనని చెప్పేశానండి."

"ఎందుకు జెప్పినావన్నా? నీకూ పిల్లోళ్ళుండారు గదా! గమ్మునుండలేకపోయినావా?"

"ఉండొచ్చండి. కానీ ఒక్కరినైతే ఇట్టే పంపించేత్తారండి. ఇద్దరంటే కొంచెం ఆలోచిత్తారు కదండీ. అసలే దొరసానికి పాలు పితికేవోడు దొరకడండి." నేను ఏడుస్తూ నవ్వాను. అతను కూడా నవ్వాలని చూశాడు గాని చేతకాలేదు.

కాసేపటికి మామా వచ్చి గుమ్మంలోనే నిలబడి, మామా కబీర పిలుస్తోంది పద అంది. దుప్పటి కప్పుకుని మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉంది పెద్దావిడ. జ్వరానికి ముఖం పీక్కుపోయింది. నేల మీద ప్లాస్టిక్ కవరు పరిచి దాని మీద ఆ మూట పెట్టారు. ఇంకా ముడులు విప్పలేదు, ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. గది నిండా బుఖూర్ పొగ. ఆవిడ మూటని చూపించి నన్ను అడిగింది. ఆమె అరబ్బీని నాకర్థమైనంత నా తెలుగులో రాస్తున్నాను.

"ఏముంది అందులో?"

ప్రాణం పోయేటప్పుడు సిగ్గెక్కడిది? ఆ మెత్తటి తివాచీ మీద మోకాళ్ళూ చేతులూ ఆనించి ఆవులా నిలబడ్డాను. అంబా అని మూలిగాను. ముక్కాను. వెనక నుంచి దూడ జారినట్టు చేత్తో చూపించాను. లేచి ఆ దూడని తుడిచినట్టు చూపించాను. మళ్ళీ నాలుగు కాళ్ళ మీదికి దిగి, వెనక ఏదో వేలాడుతున్నట్టు, అది ఎంతకీ పడనట్టు, చివరికి పడినట్టు చేసి మూటని చూపించాను. కుక్కల్లా మొరిగాను. పొదుగు ఎండిపోయినట్టు ఖాళీ చేతులు చూపించాను. తరవాత అంజూర ఆకు గిల్లినట్టు చేసి "తీన్... హలీబ్," అన్నాను. అంజూర, పాలు. "బగర, హలీబ్ వాజిద్." ఆవుకి బోలెడు పాలు. గౌను గుడ్డ గురించి చెప్పడానికి నేల తుడుస్తున్నట్టు చేసి చూపించాను. ఇక చూపించడానికి ఏమీ మిగల్లేదు. ఆవు లాగే నేల మీద ఉండిపోయాను.

మామా నోటి మీద చెయ్యి పెట్టుకుంది, నవ్వు ఆపుకోడానికో ఏడుపు ఆపుకోడానికో తెలియదు. పెద్దావిడ నవ్వలేదు. మూట వంకే చూస్తోంది.

"మా నాన్నకి గొర్రెలుండేవి," అంది. "అప్పట్లో మాకు ఇళ్ళు లేవు, గుడారాలే. గొర్రె ఈనితే మా అమ్మ దీన్ని ఇసకలో లోతుగా పూడ్చేది, కుక్కలకి దొరక్కుండా. చెట్లెక్కడివి మాకు కట్టడానికి?" అని, గుక్క తిప్పుకుని, "కట్టింది నువ్వే కాబట్టి ముడులు నువ్వే విప్పు," అంది.

విప్పాను. రక్తం ఎండి బిగుసుకుపోయిన ముడులు, గోళ్ళు విరిగాయి. నేను ఒక్కొక్కటి విప్పుతున్నంతసేపూ ఆవిడ పెదాలు కదులుతూనే ఉన్నాయి. నా చేతుల్ని తప్ప ఇంకేమీ చూడలేదు. లోపల ఎండిన జత్ గడ్డి, దానికి అతుక్కుపోయిన మాయ, అంతే. ఆవిడ ముందుకి వంగి వాసన చూసి, వెనక్కి ఆనుకుని కళ్ళు మూసుకుంది. పోలీసులకి ఫోను చెయ్యొద్దని మామాతో అంది. మామాకి పూర్తిగా నమ్మకం కలగలేదు. ఆ తరవాత చాలా కాలం నా చేతి టీ తాగలేదు, నేను తప్పు పట్టను. మంత్రించే పెద్దాయన మాత్రం వచ్చాడు. నీళ్ళ మీద చదివి ఇచ్చాడు. పెద్దావిడ సగం తాగి మిగతా సగం నాకిచ్చింది. గడగడా తాగేశాను. ఆ క్షణంలో సముద్రం ఇచ్చినా తాగేసేదాన్నే.

అందరూ వెళ్ళాక కవరు ఎత్తి తివాచీ తుడుస్తుంటే, ఆవిడ నన్ను ఆగమంది. నన్ను చూడకుండా, గోడకేసి చూస్తూ చెప్పింది.

"నువ్వు ఈ ఇంటికొచ్చిన రోజు నుంచీ నేను గడియ వేసుకునే పడుకుంటున్నాను."

నాకు సరిగ్గా అర్థం కాలేదనుకుని తలుపు వైపు చూశాను. లోపలి గడియ కొత్తది, ఇత్తడిది, మెరుస్తోంది.

"ఎందుకు మామా?"

"నువ్వెవరో నాకేం తెలుసు? ఎక్కడి దానివో, ఏ దేవుడిని కొలుస్తావో, పొద్దున్నే నా కాఫీలో ఏం కలుపుతావో. కొడుక్కి చెబితే నవ్వుతాడు. కోడలికి చెబితే నిన్ను పంపించేస్తుంది. ముసలిదాన్ని, ఎవరికి చెప్పుకోను?"

ఆ ఇంట్లో భయపడుతున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను అన్నాళ్ళూ. నేను సూదికి దారం ఎక్కించడానికి వణుకుతుంటే, గోడకి అవతల ఆవిడ నా అడుగుల చప్పుడు వింటూ వణుకుతూ ఉండిందన్న మాట. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మీద జాలో నా మీద జాలో చెప్పలేను.

"నీ పక్క ఇక్కడికి తెచ్చుకో," అంది. "జ్వరమొస్తే లేవలేకపోతున్నా."

చాపా దుప్పటీ తెచ్చి ఆవిడ మంచం పక్కన నేల మీద పరుచుకున్నాను. పడుకోబోతుంటే తలుపు వైపు వేలు చూపించింది. లేచి వెళ్ళి గడియ పెట్టాను. ఈసారి ఇద్దరం లోపలే ఉన్నాం.